కడిగిన తేనె డబ్బాలు

మా తేనె వ్యాపారంలో కాగితాల పని తక్కువ. సరుకు నచ్చితే డబ్బాలు ఖాళీ చేసి, వేడినీళ్లతో కడిగి, ఎండబెట్టి, తెచ్చినవాడికి తిప్పి పంపుతాం. వచ్చే పూతకి మళ్లీ నింపుకు రమ్మని దాని అర్థం. నచ్చకపోతే నిండు డబ్బాలే తిరిగి వెళ్తాయి. ఇక ఆ మనిషితో మనకి మాటలుండవు. కఠినమైన పద్ధతే, కానీ పేచీలు మిగలవు.

ఈసారి కొట్టు వెనక గదిలో నిండుగా కూర్చున్న డబ్బాలు మా బావమరిదివి. మా ఆవిడకి పుట్టింటి తరఫున మిగిలింది ఆ తమ్ముడొక్కడే. కొండవాలులో తేనెటీగలు పెంచుతాడు. ఏ ఏడు తీసిన మొదటి తేనె అయినా ముందు నా దగ్గరికే తెస్తాడు.

అతను మూత తీయగానే బొటనవేలి గోటి మీద ఒక చుక్క వేసుకుని నాకాను. మా రుచి చూసే తీరు అదే. తీపి బాగానే తగిలింది. అది దిగిపోయాక వెనకనుంచి ఒక చేదు వచ్చింది, ఇనప తాళంచెవి నోట్లో పెట్టుకున్నట్టు. ఏ డబ్బా చూసినా అంతే.

"ఒరేయ్, ఇందులో ఏదో కలిపావు" అన్నాను.

అతను నవ్వబోయి, నా మొహం చూసి మానేశాడు. "కలిపేవాణ్ణయితే నీ దగ్గరికి తెస్తానా బావా? రుచి తెలియనివాళ్లు ఊరినిండా ఉండగా?" అన్నాడు. అక్క ఇచ్చిన టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

నా లెక్క నాకు తేటగానే ఉంది. తక్కెడలో చుట్టరికం ఒక పక్క, నాలుక ఒక పక్క. కొట్టు పేరు నిలబడింది నా నాలుక మీద. మనవాడు కదా అని చేదు తేనె అమ్మితే రేపు మంచి తేనెనీ ఎవరూ నమ్మరు. వారం చివర బండి వస్తుందని, డబ్బాలు ఎక్కించేస్తానని మా ఆవిడతో చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. కేకలేస్తే బేరమాడవచ్చు. మౌనంతో ఏం బేరమాడతాం?

ఆ రోజుల్లో మధ్యాహ్నం వెనక గదిలో కునుకు తీస్తే వింత కలలు వచ్చేవి. కిటికీ గట్టు మీది నమూనా సీసాల్లోంచి ఎండ దూరి గోడంతా తేనెరంగు పరుచుకునేది. కలలో ఆ గోడ మెత్తబడి మెల్లగా కిందికి జారేది. గోరు చాచి పట్టుకుని నాకితే ఏ రుచీ ఉండేది కాదు. తేనెటీగలు వచ్చి నా చుట్టూ ఒకసారి తిరిగి, వీడు పువ్వు కాదని తేల్చుకుని వెళ్లిపోయేవి.

లేవగానే చొక్కా జేబులోంచి తీపి మాత్ర తీసి బుగ్గన పెట్టుకునేవాణ్ణి. డాక్టరు చక్కెర తగ్గించమన్నప్పుడు దాని బదులు టీలో వేసుకోవడంతో మొదలైన అలవాటు అది. పోనుపోను సరుకు తూస్తున్నా, బేరమాడుతున్నా బుగ్గన ఒకటి ఉండాల్సిందే. తేనె వర్తకుడికి తీపి మాత్రలేమిటని, చేప నీళ్ల సీసా కొనుక్కున్నట్టుందని మా బావమరిది ఏడిపించేవాడు.

బండి వచ్చే ముందురోజు మా ఆవిడ ఒక గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఏవండీ, ఇది కాస్త రుచి చూసి చెప్పండి."

ఎవరో తేనె నీళ్లలో కలిపి నమూనా పంపారనుకున్నాను. ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాను. వెనకనుంచి అదే తాళంచెవి. "మీ తమ్ముడు కలిపిందే ఇందులోనూ ఉంది" అన్నాను, పట్టేశానన్న ధీమాతో.

"కాచి చల్లార్చిన నీళ్లండీ ఇవి. వీటిలో మా తమ్ముడు ఏం కలిపాడో చెప్పండి."

బుగ్గన సగం కరిగిన మాత్ర అప్పుడు నాలుకకి తగిలింది, ఆ చేదుతోనే. తర్వాత జేబులోని మాత్రల డబ్బీ తీసి ఆమె చేతిలో పెట్టాను. బండివాడికి రావద్దని కబురు చేశాను.

మొదట్లో అంతా నష్టమే. టీ గడ్డి కాచినట్టు, రొట్టె అట్టముక్క నమిలినట్టు ఉండేవి. చెయ్యి దానంతటదే జేబులోకి పోయి ఉత్తదే తిరిగొచ్చేది. చిన్నదానికీ పెద్దదానికీ విసుక్కునేవాణ్ణి. మా ఆవిడ మాత్రం డబ్బీ ఎక్కడ దాచిందో చెప్పలేదు.

తర్వాత ఒక పూట పాలు పాలలాగే అనిపించాయి. మరో పూట ఉల్లిపాయలో తీపి ఉందని కనిపెట్టి, మా ఆవిడని పిలిచి మరీ చెప్పాను. అది తనకి చిన్నప్పుడే తెలుసంది. ఇంకో మధ్యాహ్నం కలలో గోడ జారుతుంటే గోరు చాచాను, ఈసారి రుచి వచ్చింది. మెలకువ వచ్చాక కూడా పోలేదు. కలో నిజమో తేల్చుకోకుండానే, ఆ తేనెరంగు వెలుగులోనే లేచి వెళ్లి బావమరిది డబ్బా మూత తీశాను.

ముందు చల్లగా తగిలింది. వెంట కొండవాలు పచ్చపూలు, తడిమట్టి, ఎక్కడో పలచగా పొగ. అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి, వచ్చిన దారినే వెళ్లిపోయాయి. తాళంచెవి కోసం కాచుకుని కూర్చున్నాను. అది రాలేదు. మిగతా డబ్బాలూ చూశాను. దేనిలోనూ లేదు.

తేనె సీసాలకెక్కించి డబ్బాలు నేనే కడిగాను. పెరట్లో ఎండబెడితే ఎక్కణ్ణుంచో తేనెటీగలు వచ్చి అంచుల మీద వాలాయి. ఇంతకాలం నన్ను కాదని వెళ్లినవే అనిపించింది.

వాటిని స్వయంగా కొండవాలుకి తీసుకెళ్లాను. మా బావమరిది తేనెటీగలకి పొగపెట్టే డబ్బా చేత్తో పట్టుకుని కూర్చున్నవాడు లేవలేదు. దించిన డబ్బాల్లో ఒకటి అందుకుని లోపలికి తొంగి చూశాడు.

"బండివాడితో పంపాల్సింది" అన్నాడు.

"తప్పు నాలుకది. దాన్ని బండివాడు ఎలా తెస్తాడు?"

"తిరిగొచ్చిందా మరి నీ నాలుక?"

"అసలు వచ్చింది. వడ్డీ నీ కొత్త తేనెతో రావాలి."

అతను లేచి పొయ్యి మీద టీ పెట్టాడు. గ్లాసు నా చేతికిస్తూ, అక్క చక్కెర వద్దందా అని అడిగాడు. అవునన్నాను.

"మాత్ర?"

"అది నేనే వద్దనుకున్నాను."

అప్పుడు డబ్బాలు చంకన పెట్టుకుని పాకలోకి నడిచాడు. తేనెటీగలు కొన్ని నా టీ గ్లాసు చుట్టూ తిరిగి, అందులో తమకేమీ లేదని తేల్చుకుని, అతని వెనకే వెళ్లాయి.