ముందుకు తోస్తే వెనక్కి

ఆ ఇల్లాలి భర్తకు సుగుణాల లోటు లేదు. ఉన్న ఒక్క లోపమల్లా, ఆయన జన్మలో తప్పు చేయకపోవడమే. దారి తప్పితే రోడ్డు వేసినవాడి పొరపాటు. చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పడితే కుట్టినవాడి నిర్వాకం. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం కూడా కాదు. నాలుగో కాలు చూపిస్తే, దాచినందుకు కుందేల్నే తిడతారు.

అలాంటి మనిషి పాతసామాన్ల కొట్లోంచి మోకాలెత్తు రైలింజనొకటి మోసుకొచ్చారు. బొమ్మ కాదు. నీళ్ళు పోసి బొగ్గు రాజేస్తే పెద్ద ఇంజనులాగే ఆవిరితో నడిచేది. తుప్పు గీకారు, ఊడదీసినవి కొన్ని బిగించారు. పని సగమయ్యేసరికి ఉత్సాహం పూర్తయింది. ఈలోగా దానికి చోటివ్వడానికి ఆవిడ కుట్టుమిషను మంచం కిందికి వలసపోయింది. ఇంజను అమ్ముడైతేగానీ మిషనుకు గది దక్కదు. అందుకే అమ్మకం ప్రకటన ఆవిడే ఇచ్చింది.

గడియారాలు బాగుచేసే పెద్దాయన చూడ్డానికొచ్చాడు. వరండాలో పట్టాలు పరిచి, ఇంజను రాజేశారు. భర్త లివరు ముందుకు తోశారు. ఇంజను బుసలు కొడుతూ, ఠీవిగా వెనక్కి నడిచి పూలకుండీని గుద్దింది.

"తయారుచేసినవాడే అలా చేశాడండీ. పుట్టుకతో వచ్చిన గుణం," అన్నారాయన.

"పుట్టుకతో వచ్చిందైతే నా వల్ల కాదు బాబూ. బిగింపులో తేడా అయితే సరిచేసుకుంటా. అసలు ఆ సరదాకే కదా సగం పని మిగిలిన ఇంజను కొనేది." పెద్దాయన చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

ఆవిడ జరిగి భర్త పక్కన నిలబడింది. "ఏమండీ, ఆ లివరు కడ్డీ నేను తోమి ఇచ్చినప్పుడే చెప్పాను, అరిగిన వైపు అటు కాదు, ఇటని."

"నీకు గుర్తుండేవన్నీ అలాంటివే."

"సరే, ఆడలేక మద్దెల ఓడనండి. మద్దెల ఇక్కడే ఉంటుంది. రేపట్నుంచి కుట్టుమిషను మంచమ్మీద పెట్టుకుంటాను. మీ వైపు."

ఆయన మంచం సంగతి ఆలోచించారు. కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. పెద్దాయన గేటు గడియ తీస్తున్నాడు.

"ఆగండి," అన్నారు చివరికి. "తయారుచేసినవాడిదేం లేదు. ఆ కడ్డీ తిరగేసి బిగించింది నేనే."

పెద్దాయన చెప్పులు విడిచి, ఇంజను పక్కన చతికిలబడి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. ఆ మొహంలో పెళ్ళికళ.

"ఈ బుసల్లో సరిగ్గా వినబడలేదండీ," అంది ఆవిడ, స్పష్టంగా విని. "ఏమన్నారు?"

"తప్పు నాదే అన్నాను," అన్నారాయన, ఈసారి కాస్త గట్టిగానే.