ఒక నాణేనికి రెండు చీటీలు

నాన్న పోయిన మూడు వారాలకు, నేనూ తమ్ముడూ ఆయన వెండి నాణేన్ని పరీక్షకు తీసుకెళ్లాం.

నాన్న బస్సు డిపోలో ముప్ఫై ఎనిమిదేళ్లు టికెట్ కౌంటర్లో పనిచేశారు. తాతయ్య ఇచ్చిన ఆ నాణేన్ని రోజూ పొద్దున్నే కిటికీ కింది రాతిపలక మీద ఒక్కసారి మోగించి, చెవి సరిచేసుకుని, అప్పుడు కిటికీ తెరిచేవారు. ఇక ఆ రోజంతా ఎవరు ఏ నాణెం ఇచ్చినా పలక మీద పడేసి వినేవారు. మోత నచ్చకపోతే వెనక్కి తోసేసేవారు. అలా ఎంతమందికి బస్సు తప్పిపోయిందో ఎవరికీ తెలియదు.

తమ్ముడికి పదకొండేళ్లప్పుడు, పరుగు పందెంలో గెలిచి తెచ్చుకున్న నాణెం కూడా ఆ పలక మీద పడింది. "దొంగ నాణెం. ఎక్కడ కొట్టేశావ్?" అన్నారు నాన్న. వాడి చెంప మీద కూడా ఒకటి పడింది. వాడికిప్పుడు నలభై రెండు. గడ్డం ఆ వైపే ముందు నెరిసింది.

"అసలీ వెండిదే దొంగదైతే అక్కా? అప్పుడు నాన్న చెవి మొదటి నుంచీ తప్పే కదా. నా నాణెం మంచిదే కదా," అన్నాడు దారిలో.

"అయితే ఏం చేస్తావురా?"

"ఏం చేస్తాను? తెలుసుకుంటాను."

నాన్న ఆస్తిపాస్తులేవీ మిగల్చలేదు. తానెప్పుడూ పొరపాటుగా వినలేదన్న మాటొక్కటే మిగిల్చారు. చివరి రెండు నెలలు ఆ మాట కూడా పడిపోయింది. దాహమైతే మంచం ఇనుప పట్టీ మీద ఆ నాణెంతో కొట్టేవారు. ఒక వారం నేను నీళ్లు పట్టేదాన్ని, ఒక వారం తమ్ముడు.

వెండి దుకాణం అన్నదమ్ములిద్దరిది. పెద్దాయనది గీటురాయి, చిన్నాయనది త్రాసు. ఎవరి పరీక్ష గొప్పదన్న దగ్గర తొమ్మిదేళ్ల కిందట మాటలు ఆగిపోయాయట. గాజు బల్ల మధ్యలో పాత కొలతటేపు ఒకటి అడ్డంగా అంటించుకుని, ఇటొకరు అటొకరు కూర్చుంటారు.

పెద్దాయన నాణెం అంచును రాతి మీద రుద్ది, గీత మీద యాసిడ్ చుక్క వేసి చూశాడు. "మేలిమి వెండి. అటు చెప్పండమ్మా."

అటు అంటే మూరెడు దూరం.

"మేలిమి వెండి అంటున్నారండీ," అన్నాను.

చిన్నాయన నాణేన్ని త్రాసులో వేశాడు. "రాయికేం తెలుసు? ఉండాల్సిన దానికన్నా గ్రామున్నర తక్కువుంది. దొంగది. ఇటు చెప్పండి."

"దొంగది అంటున్నారండీ."

"వినబడిందమ్మా. కానీ మీరు చెబితేనే చెల్లుతుంది," అన్నాడు పెద్దాయన. "వాడి త్రాసుకి తుప్పు పట్టిందని చెప్పండి."

"ఆయన కళ్లకి పట్టిందని చెప్పండి."

టీచరుగా ఇరవై నాలుగేళ్ల నుంచీ తరగతిలో పిల్లల చాడీలు వింటున్నాను. మోయడం మాత్రం అదే మొదలు.

ఇద్దరూ చెరొక చీటీ రాశారు. ఒకదాని మీద 'అసలు', రెండోదాని మీద 'నకిలీ'. రెంటి మీదా ఒకే దుకాణం ముద్ర. తమ్ముడు రెండోది తీసుకుని, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు.

పెద్దాయన నాణేన్ని మళ్లీ వెలుతురులోకి తిప్పాడు. "ఈ అంచు నాకు తెలుసే! డిపో కౌంటరాయనది కదూ? ఏటా తెచ్చేవారు. 'ఇంకా అసలుదేనా?' అని అడిగేవారు. గీసి చూసి, అసలుదేనని పంపేవాణ్ణి. మా నాన్న ఉన్నప్పటి నుంచీ అంతే."

"ఆయనకి అనుమానమా?" అన్నాడు తమ్ముడు. చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "మరి నన్ను కొట్టినప్పుడు?"

"అదిగో!" అన్నాడు చిన్నాయన. "ఏటా గీస్తే అరగదా మరి? ఆ గ్రామున్నరా ఆ రాయే తినేసింది, చెప్పండి!"

నేను చెప్పలేదు. ప్రతి శనివారం బడి నుంచి సుద్దముక్కలు ఏరి నాన్నకు తెచ్చి ఇచ్చింది నేనే. ఆ పొడితో నాణేన్ని తళతళలాడేదాకా తోమేవారు. అరుగుదలలో నా చేయి కూడా ఉంది. అయితే నాణెం అరిగి తేలికైందో, తాతయ్య నాడే తేలికదో ఇప్పుడెలా తెలుస్తుంది?

"మోగించి చూడండి," అన్నాడు తమ్ముడు.

అన్నదమ్ములిద్దరూ ఇబ్బందిగా కదిలారు. "దానికి ఇద్దరు కావాలమ్మా," అన్నాడు పెద్దాయన. "ఒకడు వెయ్యాలి, ఒకడు కళ్లు మూసుకుని వినాలి."

"కళ్లు మూసుకున్నానని చెప్పండి," అన్నాడు చిన్నాయన.

పెద్దాయన కొలతటేపు మీదుగా చెయ్యి చాచి, నాణేన్ని అవతల ఉన్న ఇనుప దాగలి దిమ్మ మీద వదిలాడు.

ఖంగుమంది.

"వస్తున్నా నాన్నా," అంటూ నేను లేచాను.

రెండడుగులు వేశాక గానీ దుకాణంలో ఉన్నానని గుర్తు రాలేదు. వెనక్కి తిరిగితే, తమ్ముడు అప్పటికే లేచి, సంచిలోని నీళ్లసీసా తీసి, మూత విప్పి, ఎవరికి పట్టాలో తెలియక నిలబడి ఉన్నాడు.

దాగలి మీద నాణెం కాసేపు గిరగిరా తిరిగి పడుకుంది.

"ఏమంటావురా?" అన్నాడు పెద్దాయన, నేరుగా తన తమ్ముడితోనే.

చిన్నాయన కళ్లు తెరిచి మా ఇద్దరినీ చూశాడు. "దీనికి మన దగ్గర చీటీ లేదన్నా," అన్నాడు.

అది వెండిదో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు. తమ్ముడు జేబులోని చీటీ తీసి, చూసి, మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు. అది వాడిది. సీసాలో సగం నీళ్లు వాడు తాగి, మిగతా సగం నాకిచ్చాడు. తాగాను.