సుంబుల్ అడుగు పలక

కత్తి పిడి దాకా దిగిపోయింది.

నెజిహె ఊపిరి బిగబట్టింది. పొద్దుటి నుంచి ఆమె ఒడ్డుకెక్కించిన తమ పడవ సుంబుల్ పొట్టలో బోర్లా పడుకుని పాత రంగు గీకుతోంది. అడుగు దూలాన్ని ఆనుకుని ఉన్న మొదటి పలక మీద రంగు పొలుసుల్లా లేచి వస్తుంటే అనుమానం వచ్చి కత్తితో పొడిచి చూసింది. నానిన రొట్టెలోకి దిగినట్టు దిగింది. బయటికి లాగితే మొనకి నల్లటి పొట్టు అంటుకుని ఉంది.

బయటి నుంచి ఎవరో పడవ గోడ మీద టకటకా కొట్టారు.

"ఏంటే, గీకుడు ఆగిపోయింది?" అన్నాడు ఆమె భర్త తహ్సీన్.

"సాలీడు" అంది నెజిహె. "చేతి మీద పాకింది."

"తేలుని చెప్పుతో కొట్టి చంపిన మనిషివి, సాలీడుకి జడుసుకున్నావా! కానీ, కానీ. శనివారం దగ్గరకొచ్చేసింది."

ఆమె మళ్ళీ గీకడం మొదలుపెట్టింది, చప్పుడు వినబడాలని మాత్రమే. ఆ పొట్టు చిటికెడు తీసి రుమాల్లో కట్టి జేబులో వేసుకుంది.

నవంబరులో ఇద్దరూ వల ఎత్తడానికి వెళ్ళినప్పుడు, లంగరు లాగుతూ లాగుతూ తహ్సీన్ ఉన్నచోటే కూలబడిపోయాడు. మొహం సున్నం కొట్టినట్టయింది. ఎదురుగాలిలో నెజిహె ఒక్కతే పడవని తమ ఊరు బోజ్‌బురున్ రేవుకి తెచ్చింది. గుండె నరం మూసుకుపోయిందని మార్మరిస్ పట్నం డాక్టరు చెప్పాడు. బరువులెత్తకూడదు, వంగి కష్టపడకూడదు, కోపం తెచ్చుకోకూడదు అన్నాడు. ఆ మూడోది విని ఊరంతా నవ్వింది.

ఈ ఏడు పడవ దింపొద్దని చెప్పేస్తే? ఆ మాట ఆమెకి తట్టకపోలేదు. కానీ చలికాలమంతా ఆ మనిషి కిటికీ పక్కన కూర్చుని సముద్రం కేసి చూస్తూ ఎలా ఎండిపోయాడో ఆమె చూసింది. వసంతం వచ్చి పడవ మీది గుడ్డ తీసిన రోజే అతనికి మళ్ళీ ఆకలి పుట్టింది. ఇప్పుడు పలక పుచ్చిందని చెప్తే, ఆ సాయంత్రానికే బాడిస పట్టుకుని తనే పడవ కింద దూరతాడు. చెప్పకపోతే పడవ నీళ్ళలో దిగుతుంది, ఏదో ఒక రోజు నడిసముద్రంలో ఆ పలక ఊడుతుంది.

ఈ చుట్టుపక్కల ఆ పలక మార్చగలిగిన వడ్రంగులు నలుగురైదుగురున్నారు. చూడగానే విషయం తహ్సీన్ చెవిన వేయకుండా ఉండగలిగినవాడు ఒక్కడే. ఎందుకంటే అతను తహ్సీన్‌తో మాట్లాడడు.

* * *

తహ్సీన్ తమ్ముడు షాకిర్ అఖాతానికి అవతలి ఒడ్డున టూరిస్టుల కోసం పెద్ద ఓడ కడుతున్నాడు. సుంబుల్‌ని కట్టింది వాళ్ళ నాన్న. ఆయన పోయిన వారంలోనే షాకిర్, తెరచాప స్తంభం పీకేసి పైన పందిరి వేసి టూరిస్టుల్ని తిప్పుదామన్నాడు. పరామర్శకి వచ్చిన జనం ముందు తహ్సీన్ తెడ్డు పట్టుకుని అతన్ని వీధి చివరి దాకా తరిమాడు. పదేళ్ళు దాటింది ఆ మాటకి. పండగకి కూడా ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

నెజిహె వెళ్ళేసరికి షాకిర్ ఓడ పక్కటెముకల మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఎవరూ, వదినా! దారి తప్పావా ఏంటి? అన్న పంపాడా?"

"పంపలేదు. వచ్చానని తెలిస్తే నన్నూ తెడ్డు పట్టుకుని తరుముతాడు."

"అయితే పెద్ద పనే పడ్డట్టుంది."

ఆమె రుమాలు విప్పి ఆ పొట్టు అతని అరచేతిలో పోసింది. అతను వేళ్ళతో నలిపాడు. వాసన చూశాడు. మొహంలో నవ్వు పోయింది.

"సుంబుల్‌దేనా?"

"అడుగు పలక. వెనక వైపు."

"చెప్పాను! ఆ రోజే చెప్పాను, ఆ పలక మార్చాలి అన్నా అని. విన్నాడా?"

"నువ్వు స్తంభం పీకేద్దామన్నావు. తరిమింది అందుకు."

"రెండూ చెప్పాను!"

"షాకిర్, నేను పాత తగవు తీర్చడానికి రాలేదు. శనివారం పడవ నీళ్ళలో దిగాలి. జెవ్‌దెత్ తన షెడ్డు దగ్గర పడవలు దింపే దూలాలు ఆ రోజు మనకి కేటాయించేశాడు. ఈ సంగతి మీ అన్నకి చెప్పాననుకో..."

"తనే కింద దూరతాడు."

"దూరతాడు. ఆ తర్వాత అక్కణ్ణుంచి మనం మోసుకొచ్చేది పలకని కాదు."

షాకిర్ టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"అన్న వచ్చి అడగాలి వదినా. ఒక్క మాట అడిగితే చాలు, ఈ క్షణం వస్తా."

"అడగడు. నువ్వైనా అడిగేవాడివి కాదు. ఒకే అచ్చులో పోసిన మొండి ఘటాలు మీరిద్దరూ. మధ్యలో నేనెందుకు ముండమోయాలి?"

ఆ మాట అతనికి సూటిగా తగిలింది. తల పక్కకి తిప్పుకున్నాడు.

"ఇంట్లో ఎప్పుడుండడు?" అన్నాడు చివరికి.

"గురువారం ఆసుపత్రికి వెళ్ళాలి. సాయంత్రం దాకా రాడు."

* * *

గురువారం తహ్సీన్‌ని మినీబస్సు ఎక్కించడానికి నెజిహెకి తల ప్రాణం తోకకొచ్చింది. "నువ్వూ రావే" అంటాడు. "రంగు ఎండలోనే వెయ్యాలిగా" అంటుంది ఈమె. బస్సు మలుపు తిరిగాక గాని ఆమెకి ఊపిరాడలేదు.

షాకిర్ అప్పటికే పడవ కింద ఉన్నాడు. వచ్చేటప్పుడే పైన్ చెక్కతో పలక చెక్కి తెచ్చుకున్నాడు. పడవల షెడ్డు యజమాని జెవ్‌దెత్ ఇటు చూసీ చూడనట్టు పడవలు లాగే వించి దగ్గర గ్రీజు రాసుకుంటూ కూర్చున్నాడు.

పాత పలక ఊడదీస్తే కుళ్ళు ఆమె అనుకున్నదానికన్నా ఎక్కువ దూరం పాకింది. కత్తితో గీకుతూ, తిట్టుకుంటూ షాకిర్ ఒక పక్కటెముక మొన కూడా కోసి కొత్త ముక్క అతికాడు. మధ్యాహ్నానికి సుంబుల్ అడుగున మనిషి చెయ్యి పట్టేంత వెడల్పున పొడవాటి కంత మిగిలింది. లోపలి నుంచి చూస్తే కింద ఇసుక కనబడుతోంది.

కొత్త పలకని రేకు గొట్టంలో పెట్టి కింద మంట వేసి ఆవిరి పట్టించారు. వేడి మీదుండగానే మెలితిప్పి బిగించాలి. చల్లారిందా, మొరాయిస్తుంది. ఇంకా బలవంతపెడితే పగులుతుంది.

"ఇప్పుడు వదినా! పరిగెత్తు!"

గోనెపట్టాలు చుట్టుకున్న చేతులతో ఇద్దరూ పలకని లాక్కొచ్చి పడవ కింద దూరారు. ముందు చివర బిగిసింది. వెనక చివర దగ్గర నెజిహె భుజం ఆనించి పైకి నెడుతోంది, షాకిర్ వెల్లకిలా పడుకుని మోకాళ్ళతో ఎత్తిపట్టాడు. సరిగ్గా అప్పుడు ఇసుకలో అడుగుల చప్పుడైంది.

ఆ అడుగులు నెజిహె ఎక్కడైనా గుర్తుపడుతుంది.

"నా పడవ కింద ఎవడు?"

తహ్సీన్ వంగాడు. ముందు కంత చూశాడు. తర్వాత తమ్ముడి మొహం చూశాడు. అతని మెడ నుంచి చెవుల దాకా ఎరుపు పాకడం ఆమెకి కనబడింది.

"నువ్వు ఆసుపత్రికి..." అంది నెజిహె.

"కొండ మీద దిగిపోయాను. మనసొప్పలేదు. సాలీడట, సాలీడు! నా వెనక, నా పడవకి కంత కొట్టించి..."

"పలక పుచ్చింది తహ్సీన్! కత్తి పిడి దాకా దిగింది!"

"నాకెందుకు చెప్పలేదు?"

"చస్తావని!" అరిచింది ఆమె. భుజం మీద పలక వణుకుతోంది. "నువ్వు చస్తావని చెప్పలేదు. చాలా?"

కింద నుంచి షాకిర్ గొంతు బిగబట్టినట్టు వచ్చింది. "తిట్టేది తర్వాత తిట్టు. తెడ్డు కూడా తెచ్చుకో. ముందు ఆ క్లాంపు ఇలా పెట్టు. పలక చల్లారుతోంది."

తహ్సీన్ కదల్లేదు. పలక సన్నగా చిటపటలాడింది. నెజిహె కాళ్ళు ఇసుకలో జారుతున్నాయి. ఆమె అతని కళ్ళలోకే చూస్తోంది.

అతను మోకాళ్ళ మీద కూర్చున్నాడు. క్లాంపు అందుకుని పలక చివర తగిలించి మర తిప్పడం మొదలుపెట్టాడు.

"మెల్లిగా" అంది ఆమె. "బలం పెట్టకు."

"బలమెక్కడ పెట్టాను? వేళ్ళతో తిప్పుతున్నా." ఇంకో చుట్టు తిప్పాడు. "వాడికి చెప్పు, కింది అంచు ఇంకా కూర్చోలేదని."

"నాకు కనబడుతూనే ఉందని చెప్పు వదినా" అన్నాడు షాకిర్.

పలక మూలిగి, మెలి తిరిగి, తన చోట్లో కూర్చుంది. మేకులన్నీ దిగేదాకా తహ్సీన్ క్లాంపు వదల్లేదు. అయ్యాక షాకిర్ పనిముట్లు సంచీలో సర్దుకుని వెళ్ళిపోయాడు. తహ్సీన్ ఇంటికొచ్చి భోజనం ముట్టకుండా పడుకున్నాడు. నెజిహె రాత్రంతా అతని ఊపిరి వింటూనే ఉంది.

* * *

శనివారం పొద్దున దక్షిణపు గాలి లేచేలోపే పడవ దింపెయ్యాలని జెవ్‌దెత్ తొందరపెట్టాడు. చెక్క చట్రంలో కూర్చోబెట్టిన సుంబుల్‌ని కొవ్వు పూసిన దూలాల మీదుగా, వెనక నుంచి ఇనుప తాడుతో ఆపుతూ, అంగుళం అంగుళం జార్చాలి.

"నువ్వు ఒడ్డునే" అంది నెజిహె భర్తతో.

"నా పడవ దిగుతుంటే నేను..."

"ఒడ్డునే తహ్సీన్. లేకపోతే ఇది ఇక్కణ్ణుంచి కదలదు."

ఆమె నిచ్చెనెక్కి చేతిపంపు దగ్గర నిలబడింది. ఎవరూ పిలవకుండానే షాకిర్ సందుల్లో కూరడానికి కొవ్వులో ముంచిన నూలు సంచీలో వేసుకొచ్చి పడవలోకి దూకాడు. తహ్సీన్ చూసి చూపు వించి వైపు తిప్పుకున్నాడు.

వించి కిర్రుమంది. సుంబుల్ నీళ్ళు తాకింది, తోక మునిగింది, నడుము దాకా దిగింది. షాకిర్ ముందు కొత్త పలక మీద అరచెయ్యి పెట్టి చూశాడు. పొడిగా ఉంది. అంతలో పై వరుసల సందుల్లోంచి ఊట మొదలైంది. చలికాలమంతా పొడిగాలికి ఎండిన పలకలు ఎడం ఎడంగా ఉన్నాయి. ఊట ధారలైంది. పాదాలు తడిశాయి, చీలమండలు మునిగాయి. నెజిహె పంపు కొడుతూనే ఉంది, నీళ్ళు పెరుగుతూనే ఉన్నాయి.

"జెవ్‌దెత్! వెనక్కి లాగు!" అరిచాడు షాకిర్.

"లాగొద్దు!" ఒడ్డు నుంచి తహ్సీన్ కేక వేశాడు. "కడుపు నిండా నీళ్ళున్న పడవని లాగితే నడుం విరుగుతుందిరా!"

"మునిగితే ఏం విరుగుతుంది?"

"మునగదు! పలకలు నీళ్ళు తాగి ఉబ్బితే సందులు మూసుకుంటాయి, తాగనీ!"

"ఒడ్డున నిలబడి నీకేం తెలుస్తుంది?"

"నీకన్నా ముందు నుంచి దీన్ని ఎరుగుదును, గాడిదా!"

జెవ్‌దెత్ వించి పిడి పట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత ఆమెకేసి తిరిగాడు. "అక్కా, నువ్వు చెప్పు. ఏం చెయ్యను?"

నెజిహె పంపు ఆపకుండానే పడవ పక్కటెముక మీద ఒక మేకు తలని చూపుతో పట్టుకుంది. నీళ్ళు దాన్ని ముంచేశాయి. పైనున్న ఇంకో మేకు వైపు పాకుతున్నాయి. ఇందాకటంత జోరుగా పాకుతున్నాయా? చేతులు మండుతున్నాయి. తప్పు చెప్తే మామగారు కట్టిన పడవ ఇక్కడే, రేవులోనే పోతుంది.

"ఆగు" అంది. "లాగకు."

షాకిర్ బూతు తిట్టి, వంగి సందుల్లో వేళ్ళతో నూలు కూరడం మొదలుపెట్టాడు.

ఒడ్డున తహ్సీన్ కనబడలేదు. ఆమె తల తిప్పి వెతికేసరికి, రంపపు పొట్టు నింపిన బకెట్టు పట్టుకుని నడుంలోతు నీళ్ళలో ఉన్నాడు. ఏప్రిల్ నీళ్ళు, ఎముకలు కొరికేసేలా ఉంటాయి.

"తహ్సీన్! బయటికి పో!"

అతను వినలేదు. పడవ పక్కనే నడుస్తూ పొట్టుని గుప్పెళ్ళతో నీటిలోపలికి వదులుతున్నాడు. ఊటతో పాటు ఆ పొట్టు సందుల్లోకి పోయి ఇరుక్కుంటోంది. ఒక వైపంతా అయ్యాక రెండో వైపుకి తిరిగాడు. పెదాలు నీలమయ్యాయి. ఆమె పంపు వదల్లేదు, వదిలితే అంతా వృథా. రక్తం రుచి తెలిసేదాకా పెదవి కొరుక్కుంటూ పంపు కొట్టింది.

బకెట్టు అతని చేతిలోంచి జారి తేలిపోయింది. అతను పడవ అంచు పట్టుకుని ఆగిపోయాడు.

షాకిర్ నీళ్ళలోకి దూకాడు. అన్నని చంకల కింద చేతులేసి ఒడ్డుకి లాక్కొచ్చి, తన కోటు కప్పి, వీపు బలంగా రుద్దుతున్నాడు. పడవలోంచి నెజిహెకి వాళ్ళ నోళ్ళు కదలడం కనబడుతోంది, మాట వినబడటం లేదు.

"బతికున్నాడా?" అరిచింది.

"బతికే ఉన్నాడు!" అరిచాడు షాకిర్. "తిడుతున్నాడు!"

ఆమె మేకు వైపు చూసింది. నీళ్ళు పైమేకుని తాకనే లేదు. కొంతసేపటికి కింది మేకు తల బయటపడింది. అప్పుడు గాని ఆమె పంపు పిడి వదల్లేదు.

* * *

మధ్యాహ్నానికి సుంబుల్ తనంతట తనే చట్రం మీంచి లేచి తేలింది. డాక్టరు వచ్చి చూసి, గుండెకేం కాలేదన్నాడు. మిగతా సంగతుల మీద మాత్రం తహ్సీన్‌ని దులిపి వదిలాడు.

దుప్పటి కప్పుకుని సూప్ తాగుతున్న భర్త ఎదురుగా కూర్చుంది నెజిహె.

"ఇకనుంచి నేను లేకుండా పడవ తాడు విప్పకూడదు. లంగరు నువ్వు ముట్టుకోకూడదు. ఒప్పుకుంటేనే సముద్రం మీదికి."

"ఒప్పుకోకపోతే?"

"పడవని ముక్కలు చెయ్యడానికి గొడ్డలి పట్టుకోవడం నాకూ వచ్చు."

అతను చెంచా పక్కన పెట్టాడు. "నాకు చెప్పకుండా ఏదీ దాచకూడదు" అన్నాడు. "చస్తానని అయినా సరే."

"సరే" అందామె. అది చెప్పడానికి ఆమెకి కష్టంగానే ఉంది.

షాకిర్ ఆ సాయంత్రం రాలేదు. మర్నాడూ రాలేదు. కోటు ఆరబెట్టి మడిచి తహ్సీనే అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో నెజిహె అడగలేదు, అతనూ చెప్పలేదు. ఆ వేసవిలో షాకిర్ రెండుసార్లు పడవెక్కాడు. రెండుసార్లూ పడవ ముందు భాగాన కూర్చుని, తెరచాప పాతదైందని, తాళ్ళు మార్చాలని, పందిరి వేస్తే ఈ ఎండ బాధ ఉండేది కాదని దారి పొడవునా సణిగాడు. తహ్సీన్‌కి మెడ ఎర్రబడింది. కానీ తెడ్డు వైపు చెయ్యి చాపకుండా నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు.