మేకలదొడ్డి తలుపు

1984లో డోన్ పాత ఇనుము అంగడి నుంచి నలభై ఏండ్ల నాటి లారీని నంద్యాలకు తెచ్చుకుంటి. బడిలో పాఠాలు చెప్పడం, ఇంటికొచ్చి తుప్పు గీకడం, ఇదే నా పని. ఎడమ తలుపు మాత్రం లేదు. శిరివెళ్ల దగ్గర లారీ బోల్తా పడినప్పుడు ఊడిపోయిందని అంగడాయన చెప్పినాడు. వెతుక్కుంటా పోతే, ఆ ఊర్లో జీవమ్మ అనే ఆమె మేకలదొడ్డికి అదే తలుపు!

ఒళ్లు మండింది. “ఏందమ్మా, లారీ తలుపును మేకలకు పెడతావా?”

“చేన్లో పారేసి పోయినారు. పద్దెనిమిదేండ్లుగా నేనే చూసుకుంటాండా. నువ్వు యాడుంటివి సారూ?”

తలుపు లాగి చూస్తి. కిర్రుమనలేదు. ఆదివారం చర్చికి పోయే ముందు మడతబందులకు ఆముదం పూస్తుందంట. లారీ మొత్తంలో తుప్పు పట్టని ముక్క అదొక్కటే.

దొడ్డికి కొత్త చెక్క తలుపు చేయించి, లారీ తలుపును తెచ్చుకుంటి. లారీకంతా రంగేసినా, మేకలు రుద్ది నున్నగా చేసిన ఆ అంచును మాత్రం ముట్టలేదు.

ఆళ్లగడ్డకు తొలి ప్రయాణంలో శిరివెళ్లలో ఆపి, “ఎక్కమ్మా” అని ఆ తలుపు తీస్తి. జీవమ్మ దాన్ని రెండుసార్లు ఆడించి చూసింది. కిర్రుమనింది.

“ఈ ఆదివారం ఆముదం పూయలేదే?”

నా లారీని నాకంటే ముందు కాపాడిన మనిషి. తల వంచుకొని, “తప్పైపాయమ్మా” అంటి.