ఆరో లోపం

సంతోషకుమారికి రెండు చేతిరాతలున్నాయి. ఒకటి ఆమె సొంతం. రెండోది ఆమె పనిచేసే ప్లీడరు యలమందయ్య గారిది.

ఆ రెండో రాత సంగతి ముగ్గురికే తెలుసు. ఆమెకు, ప్లీడరు గారికి, ఆయన భార్య సుబ్బరావమ్మ గారికి. నాలుగేళ్ళ కిందట ప్లీడరు గారి కుడిచేతికి వణుకు పట్టుకుంది. నోటికేమీ కాలేదు. కోర్టులో లేచి నిలబడితే ఎదుటి సాక్షికి ఇప్పటికీ ముచ్చెమటలు పట్టాల్సిందే. కలం పట్టుకుంటే మాత్రం ఆ చెయ్యి గద్దను చూసిన కోడిపిల్లలా కొట్టుకునేది. మిరప రైతులు, పత్తి రైతులు ఆయన కక్షిదారులు. పొలం గట్టు కోసం పదేళ్ళు కోర్టుకు తిరిగే మనుషులు, చెయ్యి వణికే ప్లీడరు దగ్గరకు ఎందుకొస్తారు? అందుకని ఆయన ఆ చేతిని నల్లకోటు జేబులో దాచేశారు. సంతకం పని తన టైపిస్టుకు అప్పజెప్పారు.

మొదటి వారం సంతోషకుమారికి అన్నం సయించలేదు. రెండో వారానికి సయించింది. నాలుగేళ్ళు గడిచేసరికి పొద్దున్నే ముప్ఫై కాగితాలు ముందేసుకుని, టీ చల్లారేలోపు అన్నిటి మీదా 'ఎస్. యలమందయ్య' అని పెట్టి పక్కన పడేసేది. అందులో తప్పుందన్న సంగతే మనసుకు రావడం మానేసింది.

ఎనభై ఆరు జనవరిలో జిల్లా నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ప్లీడరు గుమస్తాలందరికీ కార్డులుండాలి. ఏప్రిల్ ఒకటో తారీఖు నుంచి కార్డు లేనివాళ్ళు కోర్టు ఆఫీసులో కాగితం దాఖలు చెయ్యకూడదు, రికార్డు ముట్టుకోకూడదు. కార్డు కావాలంటే ఆ కోర్టు జడ్జి మున్సిఫ్ గారి దగ్గర పరీక్ష ఇవ్వాలి. ప్లీడరు స్వయంగా సంతకం చేసిన సత్ప్రవర్తన సర్టిఫికెట్టు జతచెయ్యాలి.

ఆ ఉత్తర్వు చూసి గుమస్తాలందరూ గొల్లుమన్నారు. సంతోషకుమారి ఒక్కతే సంతోషించింది. పదహారేళ్ళుగా ఆమె చేసేది గుమస్తా పని. దావా రాయడం, హద్దులు సరిచూడటం, వాయిదాలు గుర్తుపెట్టుకోవడం అన్నీ ఆమే. కానీ కోర్టు లెక్కలో ఆమె టైపిస్టు. ఆఫీసు గుమ్మం లోపలికి మగ గుమస్తాలు వెళ్ళేవాళ్ళు. ఆమె తన కాగితాలు బుల్లయ్య చేతికిచ్చి బయట నిలబడేది. మిషను స్కూల్లో టీచరుగా చేసి పోయిన వాళ్ళ నాన్న జోసఫ్, కూతురు టైపు హయ్యరు పాసైన రోజున, "నువ్వు ఏ గుమ్మం బయటా నిలబడవమ్మా" అన్నాడు. పదహారేళ్ళుగా నిలబడుతూనే ఉంది.

పరీక్ష ఫిబ్రవరి ఆఖరి శనివారం పెట్టారు. కోర్టు వెనక కల్లాల్లో మిరపకాయలు ఆరబోశారేమో, గాలి వీచినప్పుడల్లా పదకొండుమంది గుమస్తాలూ ఒకేసారి దగ్గుతున్నారు.

"మా మనవడు ఏడో క్లాసు పరీక్ష రాస్తున్నాడు, నేను గుమస్తా పరీక్ష రాస్తున్నా," అన్నాడు బుల్లయ్య. అరవై దాటిన మనిషి, ఆ కోర్టులో అందరికన్నా పాత గుమస్తా. "ఇద్దర్లో ఎవరు తప్పుతారని ఇంట్లో పందేలు కడుతున్నార్రా."

"నువ్వే తప్పుతావు బాబాయ్," అంది సంతోషకుమారి. "వాడు చదువుకుంటున్నాడుగా."

"ఓసి నీ! నీ కాగితాలు పదహారేళ్ళు మోసింది ఇందుకేనా?"

పేరు పిలిచారు. ఆమె లోపలికెళ్ళింది.

మున్సిఫ్ గారు కొత్తగా వచ్చిన కుర్ర ఆఫీసరు. మాట తక్కువ మనిషి. ఆమె ముందు ఒక పాత దావా కట్ట పెట్టి, "ఇందులో అయిదు లోపాలున్నాయి. పట్టుకోండి," అన్నారు.

చూడగానే గుర్తుపట్టింది. మూడేళ్ళ నాటి తమ ఆఫీసు దావాయే. పొలానికి పోయే పుంతదారి తగాదా. పరీక్ష కోసం నకలు తీయించి అందులో కావాలని తప్పులు పెట్టించారు. కోర్టు ఫీజు స్టాంపు తక్కువ. ధ్రువీకరణ కింద తేదీ లేదు. వకాల్తా మీద సాక్షి సంతకం లేదు. షెడ్యూల్లో పడమటి హద్దు ఎగిరిపోయింది. నాలుగూ నాలుగు నిమిషాల్లో చెప్పేసింది. అయిదోదానికి రెండోసారి తిరగేసి, సర్వే నంబరు కొట్టేసి దిద్దినచోట పొట్టి సంతకం లేదని పట్టుకుంది.

"అయిదుకు అయిదు," అన్నారు మున్సిఫ్ గారు. "పొద్దుట్నించీ ఇదే మొదలు."

ఆయన ఆమె అప్లికేషను తెరిచారు. సర్టిఫికెట్టు చదివారు. పదహారేళ్ళ అనుభవం, నమ్మకస్తురాలు, నిజాయితీపరురాలు. "మీ ప్లీడరు గారి సంతకం బాగుంటుందమ్మా. ఏ కాగితం చూసినా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటుంది," అని, ఆ ఫారాన్ని ఆమె వైపు తిప్పారు. "ఏడో గడి ఖాళీగా వదిలేశారు. టిక్కు పెట్టండి."

ఏడో గడిలో ఇలా ఉంది: 'ఈ సర్టిఫికెట్టు సదరు ప్లీడరు స్వహస్తంతో సంతకం చేసినదేనా?'

సంతోషకుమారి ఆ సంతకం వైపు చూసింది. తన రాత! పొద్దున ముప్ఫై కాగితాల మధ్య ఇదీ ఉంది. ముప్ఫైతో పాటు దీని మీదా పెట్టేసింది. తను నిజాయితీపరురాలినని తనే సంతకం పెట్టుకుని తెచ్చింది.

టిక్కు పెడితే అయిపోతుంది. ఎవరికీ తెలియదు. తెలిసే దారి కూడా లేదు. ఎందుకంటే కోర్టు బీరువాల్లో ఉన్న సంతకాలన్నీ ఆమెవే. ఇప్పుడు యలమందయ్య గారు వచ్చి నిజంగా సంతకం పెడితే, అదే దొంగ సంతకంలా కనిపిస్తుంది.

కలం ఏడో గడి మీద ఆగింది. పంకా తిరుగుతోంది. బయట ఎవరో దగ్గుతున్నారు.

"ఈ ఫారం వెనక రాయొచ్చా సార్? ఇంకో లోపం ఉంది."

"అయిదూ చెప్పేశారుగా?"

"ఇది ఆరోదండి."

తప్పున్న కాగితాన్ని కోర్టు తిప్పి పంపేటప్పుడు, దాని వెనక తప్పేమిటో, ఎన్నాళ్ళలో సరిచేసి తేవాలో రాస్తారు. అలాంటి రాతలు ఆమె వేలకొద్దీ చదివింది. ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు తన అప్లికేషను వెనక్కి తిప్పి, తన సొంత రాతలో రాసింది: 'సర్టిఫికెట్టు మీద ప్లీడరు సంతకం లేదు. ఉన్నది అభ్యర్థి పెట్టినది. వాపసు. గడువు ఏడు రోజులు.'

మున్సిఫ్ గారు చదివారు. ఫారం తిప్పి ఆ సంతకాన్ని మళ్ళీ చూశారు.

"ఇదొక్కటేనా?"

"కాదండి. నాలుగేళ్ళ నుంచి. ఆయన చెయ్యి బాగాలేదండి."

"నేను బార్ కౌన్సిలుకు రాస్తే ఆయన కోటు పోతుంది. పోలీసులకు రాస్తే మీరు పోతారు. తెలుసా?"

"తెలుసండి."

"మరెందుకు చెప్పారు? నేను అడగలేదే."

"ఏడో గడిలో అడిగారండి. మిగతా కాగితాల మీద ఆయన పేరు రాశాను. ఆ టిక్కు మాత్రం నాది."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మీ మార్కులు ఉంటాయి. అప్లికేషను వాపసు. మీరు ఏడు రోజులు రాశారు, నేను ముప్ఫై చేస్తున్నాను. ఈలోపు యలమందయ్య గారు వచ్చి, నడుస్తున్న కేసులన్నిటిలో ఆ సంతకాల పక్కన తన చేత్తో మళ్ళీ సంతకం చెయ్యాలి. నా హెడ్ గుమస్తా చూస్తుండగా. అన్నీ అయ్యాక మీ సర్టిఫికెట్టు. రాకపోతే పైకి రాయక తప్పదు."

ప్లీడరు గారి వరండాలో ఆ మధ్యాహ్నం పిడుగు పడింది.

"పరీక్షకు పొమ్మన్నానా, ఫిర్యాదుకు పొమ్మన్నానా? నా కొంప ముంచడానికి నీకు అయిదు లోపాలు చాల్లేదా?"

సంతోషకుమారి తల వంచుకుని నిలబడింది. "నా తప్పేనండి."

"తప్పట! ఊరంతా వచ్చి చూస్తార్రా దేవుడా, సంతలో కోతిని చూసినట్టు! ఒక్క కేసు మిగులుతుందా? కేసుల్లేని ప్లీడరుకు గుమస్తా ఎందుకు, దానికో కార్డెందుకు?"

దారంతా ఆమె అనుకుంటూ వచ్చింది అదే.

లోపలి నుంచి సుబ్బరావమ్మ గారు వచ్చారు. "పిల్ల మీద అరుస్తారేం? వణికేది మీ చెయ్యి. దాచమన్నది మీ నోరు."

"నీకు తెలీదు, నువ్వూరుకో."

"నాకా తెలీంది? నాలుగేళ్ళ నుంచి పెళ్ళిళ్ళకు పోం, పేరంటాలకు పోం. పంక్తిలో కూర్చుంటే ముద్ద కిందపడుతుందని. ఇంకెన్నాళ్ళండీ?"

ఆయన విసురుగా లోపలికెళ్ళిపోయారు. మూడు రోజులు సంతోషకుమారితో మాట్లాడలేదు. ఆమె వచ్చేది, టైపు కొట్టేది, కాగితాలు ఆయన బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేది. సంతకం పెట్టలేదు. ఆయన పెట్టమని అడగనూ లేదు. బల్ల మీద కట్ట పెరుగుతూ పోయింది.

నాలుగో రోజు పదిన్నరకు యలమందయ్య గారు కోర్టు ఆఫీసు గుమ్మంలో కనిపించారు. వెనక సంతోషకుమారి. హెడ్ గుమస్తా నన్నే సాహెబ్ కుర్చీ వేశాడు. అరవై ఒక్క కట్టలు బల్ల మీదికి వచ్చాయి. విషయం అప్పటికే పాకిపోయింది. గుమస్తాలు, జూనియరు ప్లీడర్లు, వాయిదాకొచ్చిన రైతులు కిటికీ దగ్గర మూగారు.

ఆయన జేబులోంచి చెయ్యి తీశారు.

మొదటి సంతకానికి ఎంతసేపు పట్టిందో. 'య' దగ్గరే కలం మూడుసార్లు ఎగిరింది. నిబ్బు కాగితాన్ని పొడిచింది. బుల్లయ్య ఏదో హాస్యమాడబోయి, చూసి, నోరు మూసుకున్నాడు. పక్కనున్న పెద్దక్షరాల అందమైన సంతకం ముందు, ఈ అసలు సంతకం వానలో తడిసిన చీమలబారులా ఉంది. ఆయన దాన్నీ, దీన్నీ చూశారు. రెండో కాగితం లాక్కున్నారు. చేతి కింద అది జారిపోతోంది. సంతోషకుమారి ఆ కాగితం అంచును రెండు వేళ్ళతో అదిమి పట్టుకుంది. అంతకుమించి సాయం చెయ్యడానికి వీల్లేదు.

రోజుకు మూడు నాలుగు కట్టలు. ఒక్కోరోజు రెండే. వారం తిరిగేలోపు కక్షిదారులు రావడం మొదలుపెట్టారు. "ఏమనుకోవద్దు ప్లీడరు గారూ, మా బావమరిది వేరే ఆయన దగ్గర చూశాడంట..." కేసు మరో ప్లీడరుకు మార్చుకోవాలంటే, పాత ప్లీడరు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. ఆయన అవీ పెట్టారు. పోయేవాళ్ళు ఆ వణుకు సంతకం కోసమే పావుగంట నిలబడాల్సి వచ్చింది. పద్దెనిమిది కేసులు పోయాయి. అందులో నాలుగు బుల్లయ్య పనిచేసే ప్లీడరుకే చేరాయి. అతను రెండు రోజులు సంతోషకుమారి ఎదుట పడలేదు.

ఇరవై ఏడో రోజున ఆఖరి కట్ట అయిపోయింది. వరండాకు తిరిగొచ్చాక సంతోషకుమారి కొత్తగా టైపు చేసిన సర్టిఫికెట్టు ప్లీడరు గారి ముందు పెట్టింది. ఆయన చదివి కలం పక్కన పెట్టేశారు.

ఆమె కాగితం వైపు వంగింది. "ఏమైందండీ?"

"ఇది దాఖలు చెయ్యడానికి పనికిరాదు. అసలు సంగతే లేదు ఇందులో. టైపు మిషను దగ్గర కూర్చో. నేను చెప్తా, కొట్టు." ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. గొంతు కోర్టులో ఉన్నట్టే ఉంది. "'ఈమె నాలుగేళ్ళు నా పేరున సంతకాలు చేసినది. చేయమన్నది నేను. ఎవరూ అడగకమునుపే ఒప్పుకున్నది ఈమె. ఈమెను నిజాయితీపరురాలని నేను ధ్రువీకరించుట ఈ రెండూ తెలిసియే.' రాశావా?"

"ఇలా రాస్తే కార్డు ఇవ్వరండి."

"ఇవ్వకపోతే ఎందుకివ్వరని అడుగుదాం. పోయింది చెయ్యేగా, నోరు పోలేదుగా అమ్మాయ్."

ఆ కాగితం మీద సంతకానికి ఆరు నిమిషాలు పట్టింది.

మున్సిఫ్ గారు దాన్ని రెండుసార్లు చదివారు. యలమందయ్య గారు వాదనకు సిద్ధంగా, కోటు సర్దుకుని నిలబడే ఉన్నారు. వాదించే పని పడలేదు. మున్సిఫ్ గారు ఏడో గడి వైపు వేలు చూపించారు. సంతోషకుమారి టిక్కు పెట్టింది. ఆయన కింద సంతకం చేసి, "ఇక మీ ఆఫీసు నుంచి వచ్చే ప్రతి కాగితమూ నేనే చూస్తాను," అన్నారు. నవ్వలేదు.

ఏప్రిల్ ఒకటో తారీఖున గుమ్మం దగ్గర కార్డులు చూస్తున్నారు. సంతోషకుమారి తన కార్డు చూపించింది. తన కార్డుతో వెనక నిలబడ్డ బుల్లయ్య ఆమె చేతిలోకి తొంగిచూశాడు. ముప్ఫై కాగితాలుండే చేతిలో అయిదున్నాయి.

"అంతేనా అమ్మాయ్?" అన్నాడు. గొంతులో ఎకసెక్కెం లేదు.

"ఈ పూటకు ఆయన ఇంతే పెట్టగలిగారు బాబాయ్. మిగతావి రేపు."

ఆమె గుమ్మం దాటి, నన్నే సాహెబ్ బల్ల ముందున్న వరసలో నిలబడింది.