మూడుకీ నాలుగుకీ మధ్య

తమ్ముడి కాలు తీసిన అంకె స్టెల్లాకు ఫోన్ తెర మీద కనిపించింది.

తమ్ముడు జోయల్ బైకు, ప్రమాదం తర్వాత రిపేరై ఆ రోజే ఇంటికొచ్చింది. అమ్మేసే ముందు క్విక్ షిఫ్టర్ సెట్టింగులు చూద్దామని బండి తాళం తిప్పి, తమ్ముడి ఫోన్‌లో, వాడు చెప్పిన పాస్‌వర్డ్‌తో ఆప్ తెరిచిందామె. ఆ పరికరం ఉన్న బండికి గేరు పెంచడానికి క్లచ్ అక్కర్లేదు. యాక్సిలరేటర్ వదలకుండా లీవర్‌ను కాలితో ఒక్కసారి గట్టిగా ఎత్తితే చాలు. ఇంజన్ శక్తి రెప్పపాటుకన్నా తక్కువసేపు ఆగి మళ్లీ అందుకుంటుంది. ఆ సందులో గేరు పడిపోతుంది. ఎంతసేపు ఆగాలో ఒక్కో గేరుకు విడిగా పెట్టుకోవచ్చు.

అన్ని గేర్లకూ ఒకే అంకె ఉంది. మూడు నుంచి నాలుగుకు మారే చోట మాత్రం దానికి పదింతలు.

స్టెల్లా షెడ్డులోనే నేల మీద కూర్చుండిపోయింది. పూతలపట్టు దాటాక మామిడితోపుల మధ్య ఎడమ మలుపు. అక్కడ బండి ఇంకా వాలి ఉండగానే జోయల్ నాలుగో గేరు ఎత్తుతాడు. చెన్నై ట్రాక్ పోటీల కోసం వాడు రోజూ సాధన చేసింది అదే. వాలిన బండికి శక్తి అంతసేపు పోయి, ఒక్క ఊపున తిరిగొస్తే వెనక చక్రం నిలవదు. ప్రమాదం జరిగిన రోజు నిలవలేదు. వాడి ఎడమ కాలు మోకాలి కిందికి తీసేశారు.

"నా కాలే ఆలస్యమైందక్కా," అని అప్పట్నుంచీ గోడవైపు తిరిగి చెబుతూనే ఉన్నాడు. కొవ్వెక్కి తోలినాడని వీధి వీధంతా అంది.

ప్రమాదం నాటికి ఆప్ పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ఇద్దరే: జోయల్, ఆ పరికరం బిగించిన స్నేహితుడు యదునందన్. పోటీల జట్టులో జోయల్ ఖాళీ చేసిన చోటు ఇప్పుడు యదునందన్‌ది. నిలదీస్తే, జోయలే మార్చుకున్నాడేమో అంటాడు. నిజం యదునందన్ నోటితోనే రప్పించాలి.

స్టెల్లా ఆప్‌లో చేయాల్సింది చేసి, యదునందన్‌కు ఫోన్ కలిపింది.

"బండి అమ్మేస్తా ఉండా యదూ. నువ్వొకసారి తోలి చూస్తే బాగుంటాది."

"రేపు పొద్దునే వస్తానక్కా. దాన్ని ఎవరికీ ఇవ్వద్దు."

చెప్పినట్టే పొద్దున్నే తిరుపతి నుంచి వచ్చాడు. నుదుటి మీద నామం ఇంకా తడిగానే ఉంది. రాగానే జోయల్ ఫోన్ అడిగాడు. "ఆ సెట్టింగులు ఒకసారి సరిచూసేస్తా."

"ముందు తోలప్పా. అది యాడికి పోతాది?"

ఇద్దరూ ఇంటర్‌కామ్ ఉన్న హెల్మెట్లు పెట్టుకున్నారు. అదే లైన్లో, స్టెల్లా ఫోన్ ద్వారా, మూడో మనిషి కూడా ఉన్నాడని యదునందన్‌కు తెలియదు. చిత్తూరులో, ఇంట్లో మంచం మీద, జోయల్ వింటున్నాడు.

స్టెల్లా వెనక కూర్చుంది. ఊరు దాటాక యదునందన్ బండిని పరుగెత్తించాడు. ఒకటి నుంచి రెండు, క్లచ్ లేకుండా.

"గేరు పడిందే తెలీలేదు చూడక్కా. ఊరికే కాలు లీవర్ కింద ఆనించి పెట్టుకోకూడదు. ఎత్తేటప్పుడు మాత్రం అనుమానపడకుండా ఎత్తాల. అనుమానపడితే బండి ఎగిరెగిరి పడతాది."

రెండు నుంచి మూడు కూడా అంతే నున్నగా పడింది. నాలుగుకు వచ్చేసరికి అతని ఎడమచేతి వేళ్లు క్లచ్‌ను చుట్టుకున్నాయి.

లారీ అడ్డొచ్చింది, వేగం తగ్గింది, మళ్లీ పెరిగింది. మిగతా గేర్లకు కదలని వేళ్లు, నాలుగుకు మళ్లీ క్లచ్ పట్టాయి. పూతలపట్టు వచ్చేలోపు ఒక్కసారి కూడా మరవలేదు.

"ఆపప్పా. నేను తోలతా."

"నువ్వెందుకక్కా?"

"దీని మీద నాకు నేర్పింది జోయలే. భయమా?"

యదునందన్ నవ్వి వెనక్కి మారాడు. స్టెల్లా రెండో గేరు ఎత్తింది. మూడో గేరు ఎత్తింది. అక్కడే ఉంచి యాక్సిలరేటర్ తిప్పుతూ పోయింది. ఇంజన్ కేకలు పెడుతోంది. మామిడితోపులు దగ్గరకొస్తున్నాయి.

"అక్కా, గేరు మార్చు."

"మలుపులో మారుస్తా. జోయల్ మాదిరి."

"క్లచ్ పట్టు."

"ఎందుకప్పా? అనుమానపడకూడదని ఇప్పుడే కదా చెప్పినావు."

"చెప్తా ఉండా కదా, క్లచ్ పట్టక్కా."

"రెండుకు అక్కర్లేదు. మూడుకు అక్కర్లేదు. నాలుగు ఏం పాపం చేసింది?"

బండి ఎడమకు వాలింది. యదునందన్ రెండు చేతులూ ఆమె జాకెట్‌ను పిడికిళ్లతో పట్టుకున్నాయి. స్టెల్లా కాలి బొటనవేలు లీవర్ కిందికి వెళ్లడం అతనికి కనిపించింది.

"వద్దు. అది ఆగిపోతాది. నాలుగు దగ్గర ఆగిపోయేట్టు పెట్టుండాది. ఇద్దరం చస్తాం."

స్టెల్లా కాలు ఎత్తింది.

ఏమీ కాలేదు. నాలుగో గేరు మెత్తగా పడింది. బండి మలుపును దాటి నిటారుగా లేచింది.

ఆమె తోపు పక్కన ఆపి, తాళం తీసి జేబులో వేసుకుంది. యదునందన్ కిందికి దిగాడు.

"నిన్ననే సరిచేసినాను. ఆగిపోయేట్టు పెట్టుండాదని నీకెవరు చెప్పినారు?"

హెల్మెట్‌లో ఇంకో గొంతు వినిపించింది.

"యదూ, ఆ మాట మళ్లీ చెప్పప్పా. నాకు చెప్పు."

యదునందన్ ఉలిక్కిపడి హెల్మెట్ పట్టీ మీద చెయ్యి వేశాడు. స్టెల్లా ఆ చెయ్యి పట్టుకుంది.

"తీసినావంటే ఈ మలుపులోనే నిలబెట్టి, వచ్చే పోయే ప్రతి బండికీ చెప్పిస్తా. వాడు అడుగుతా ఉండాడు. చెప్పు."

యదునందన్ పట్టీ వదిలేశాడు.

"నేనే మార్చినాను జోయల్. ముందురోజు, నువ్వు నాకోసం టీ తెచ్చేదానికి పోయినప్పుడు. ఈ మలుపులో నాలుగు ఎప్పుడెత్తుతావో నాకు తెలుసు, నేర్పింది నువ్వే కదా. కాలు పోతాదని అనుకోలేదని చెప్పను. పడతావని తెలుసు, పడాలనే చేసినాను. ఆస్పత్రిలో నీ మంచం పక్కన కూచోని, నీ కాలే ఆలస్యమైందని నీకు నూరిపోసింది కూడా నేనే."