గాజు ఎలుగుబంటి పొట్ట కింద

అక్కకి గాజు జంతువుల పిచ్చి. గిన్నెలూ పూలకూజాలూ కాదు, జంతువులే కావాలి. అవి కూడా గొట్టంతో ఊది చేసినవి పనికిరావు. కరిగిన గాజును ఇనుప అచ్చులో పోసి, పైనుంచి అదిమి తీసిన పాతకాలపు బొమ్మలై ఉండాలి. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకసారి వానకి తడవకుండా పాత సామాన్ల కొట్లోకి దూరి, ఉత్త చేతులతో బయటికి రావడానికి మొహమాటపడి ఒక ఎలుగుబంటిని కొంది. ఇక ఆగలేదు. రిటైరయ్యేసరికి కిటికీ పక్కన అలమర నిండా బాతులు, కుందేళ్ళు, పడుకున్న సింహాలు, ముక్కు పైకెత్తిన కుక్కపిల్లలు. ఏది ఏ ఫ్యాక్టరీలో పుట్టిందో దాదాపు అన్నిటికీ చెప్పగలిగేది. ఆ మొదటి ఎలుగుబంటి పుట్టిల్లు మాత్రం ఎంత వెతికినా తేలలేదు.

చెల్లెలు సిటీ బస్సు డ్రైవరు. విడాకులయ్యాక అక్క ఇంట్లోనే ఉంటోంది. "అంత బస్సునీ ఇరుకు సందుల్లో అవలీలగా తిప్పుతాను గానీ, నీ జూ పక్కనుంచి నడవాలంటే మాత్రం నాకు చెమటలు పడతాయక్కా" అనేది. అలమర జోలికి వెళ్ళేది కాదు.

తర్వాత అక్కకి చూపు పోవడం మొదలైంది. పూర్తిగా కాదు. చూపు అంచులు మిగులుతాయని, నడిమిది మాత్రం తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. ఎవరి వైపు చూసినా మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు మరక. చెల్లెలి చెవులు కనిపిస్తాయి, భుజాలు కనిపిస్తాయి. నవ్వుతోందో, మొహం మాడ్చుకుందో మాత్రం గొంతు వింటే తప్ప తెలియదు.

అక్క ఏడవలేదు. కూర తరగడం, మెట్లు దిగడం, ఫోన్లో మాటలతో నంబరు కలపడం నేర్చుకుంది. అలమర దగ్గరికి మాత్రం పోవడం మానేసింది. గాజు మీద దుమ్ము పేరుకుంది.

ఒక శనివారం చెల్లెలు పొద్దుటి డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి హాల్లో అట్టపెట్టెలు, పక్కనే పాత పేపర్ల కట్ట.

"ఇవేంటక్కా?"

"రేపు పాత సామాన్లాయన వస్తాడు. అన్నీ తీసుకెళ్ళిపొమ్మన్నాను."

"అన్నీనా?"

"చూడలేని దానికి ఎందుకే? చూసేవాళ్ళింటికి పోతే వాటికీ సుఖం."

వద్దని బతిమాలితే అక్క ఇంకా బిగుసుకుంటుందని చెల్లెలికి తెలుసు. అందుకే రెండో దారి పట్టింది.

"సరే, పంపించు. కానీ ఇంత దుమ్ముతో పంపిస్తావా? ఆయన వెళ్ళి నలుగురిలో ఏమని చెబుతాడు మన గురించి? నేను కడుగుతాను, నువ్వు తుడువు."

వంటింటి బల్ల మీద టబ్బు పెట్టి, అడుగున తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్ళు పోసింది. ఒక్కొక్కదానికీ పసిపిల్లకి పోసినట్టు నీళ్ళు పోసి అక్క చేతికి అందించింది. అక్క ముందు మొక్కుబడిగానే తుడిచింది. నాలుగోదో అయిదోదో చేతికొచ్చాక వేళ్ళు నెమ్మదించాయి.

"ఇది బాతు. తోక విరిగిందని బేరమాడి తెచ్చాను."

"నీకెలా తెలిసిందక్కా?"

"తోక లేదుగా మరి!"

ఇద్దరూ నవ్వారు. అక్క బాతు వీపు మీద బొటనవేలితో గీతొకటి గీసి చూపించింది. "ఇదిగో, ఇక్కడ సన్నగా తగులుతుంది చూడు. అచ్చు రెండు ముక్కలూ కలిసే చోటు. ఇప్పుడు అడుగున నిమురు. చిన్న చిన్న గీరలు, అన్ని వైపులకీ ఉన్నాయా? ఏళ్ళ తరబడి ఏదో ఒక బల్ల మీద జరిగిజరిగి పడ్డవి."

చెల్లెలు తడిచేత్తో నిమిరింది. ఏమీ తెలియలేదు. "ఆ, ఉన్నాయున్నాయి" అంది.

"అబద్ధం. గొంతులోనే తెలుస్తోంది."

చెల్లెలికి ఉక్రోషం వచ్చి, పరీక్ష పెడదామని తన గాజు పౌడరుడబ్బా మూత కడిగి మధ్యలో అందించింది. అక్క ఒక్కసారి తిప్పి, వాసన చూసి, "ఈ జంతువు రోజూ నీ మొహాన్నే ఉంటుంది" అని పక్కన పెట్టేసింది.

ఎలుగుబంటి దాదాపు చివర్లో వచ్చింది. కూర్చున్న ఎలుగు, నురుగులాంటి తెల్లటి గాజు. అక్క దాన్ని ఒళ్ళో పెట్టుకుని మెల్లగా తుడిచింది. వీపు, భుజాలు, పొట్ట. వెనక కాళ్ళ మధ్యకి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

"ఒసేయ్, ఇక్కడేదో ఉంది."

"సబ్బు నురగేమో."

"కాదే. పైకి లేచి ఉంది. లైటు పెట్టి చూడు."

చెల్లెలు ఫోను లైటు వేసి ముక్కు ఆనించినంత దగ్గరగా చూసింది. మసకగాజు వెలుతుర్ని మింగేసి మొత్తం తెల్లగా మెరిసింది. "ఏమీ లేదక్కా."

"కంటికి కనిపించదు. అందుకే నాకూ కనిపించలేదు. పల్చటి కాగితం, పెన్సిలూ పట్రా."

చెల్లెలు కాగితం అక్కడ అదిమిపట్టి, పెన్సిలు ముక్కుని పక్కకి వాల్చి మెల్లగా రుద్దింది. నల్లటి మరకలోంచి వేలిగోరంత గంట బొమ్మ తేలింది. దాని నాలుక కూడా తెలుస్తోంది.

"గంట" అంది చెల్లెలు. "చిన్న గంట."

అక్క గంట ఉన్నచోట మళ్ళీ వేలు పెట్టింది. "ఉడత కూడా ఈ గంట గుర్తు ఫ్యాక్టరీదే. పై అరలో బాతుల జంట కూడా. అందరూ ఒకే ఇంటివాళ్ళా! ఇన్నాళ్ళూ దీన్ని అనాథ అనుకుంటూ వచ్చానే. రోజూ కళ్ళు చించుకుని చూశాను గానీ, అక్కడ చెయ్యి పెట్టాలని ఏనాడూ తోచలేదు" అంది.

ఈసారి ఏడ్చింది. చెల్లెలు సబ్బుచేతులతోనే ఆమెని పొదివి పట్టుకుంది. ఆ సాయంత్రం అక్క తుడిచినవాటినే మళ్ళీ అడిగి తీసుకుని, చంకల కిందా చెవుల వెనకా వేళ్ళతో వెతుకుతూనే కూర్చుంది. పెట్టెల సంగతి ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు పాత సామాన్లాయన ఖాళీ డబ్బాలు మోసుకుని, రొప్పుతూ మూడంతస్తులెక్కి వచ్చాడు. అక్క గుమ్మంలోనే చేతులు జోడించింది.

"మిమ్మల్ని ఊరికే తిప్పాను. ఏమీ అనుకోకండి. ఇవ్వలేను."

ఆయన అలమరకేసి చూశాడు. కడిగిన బొమ్మలన్నీ తళతళలాడుతున్నాయి. "అనుకోవడానికేముందమ్మా? నేనైనా ఇవ్వను" అని కుర్చీలో కూలబడ్డాడు. చెల్లెలు టీ ఇచ్చింది. సగం తాగాక ఆయన జేబులోంచి రుమాల్లో చుట్టిన గాజు కుందేలు తీశాడు. "ఎలాగూ వచ్చాను కాబట్టి, దీని సంగతి కాస్త చెప్పండి. పాతదని ఒకాయన అంటగట్టాడు. నాకెందుకో అనుమానం."

అక్క కుందేల్ని రెండు చేతుల్లోకీ తీసుకుంది. చెవులు తడిమింది, అడుగు తడిమింది.

"కొత్తదేనండీ. పాతబొమ్మ మీదనుంచి అచ్చు తీసి చేశారు. అందుకే బొచ్చు గీతలు అలుక్కుపోయాయి. అడుగున గీరలన్నీ ఒకే వైపుకి పోతున్నాయి చూశారా? గరుకు కాగితం మీద రుద్ది వయసు తెప్పించారు."

"అనుకున్నాను! టోపీ పెట్టాడు" అని ఆయన నుదురు కొట్టుకుని నవ్వేశాడు.

"నాకిచ్చెయ్యండి" అంది చెల్లెలు.

"నకిలీదని చెబుతుంటే!" అని అక్క కసిరింది.

"అయితే ఏంటి? మొహం ముద్దుగా ఉంది. నీ కుందేళ్ళన్నీ అద్దె కట్టనివాళ్ళని చూసినట్టు చూస్తాయి. ఇది మాత్రం పరిగెత్తి బస్సు అందుకున్నవాళ్ళలా ఉంది."

ఆయన ఆ కుందేల్ని ఆమె చేతిలోనే పెట్టి వెళ్ళిపోయాడు. దాన్ని తన అలమరలో అడుగు పెట్టనివ్వనని అక్క పట్టుబట్టింది. అది వంటింట్లో ఉప్పుడబ్బా పక్కన స్థిరపడింది.

అప్పట్నుంచి చెల్లెలికి ఆదివారం సెలవు దొరికినప్పుడల్లా ఇద్దరూ పాత వస్తువుల సంతకి వెళ్తున్నారు. పార్కింగు స్థలంలో దుప్పట్లు పరిచి అమ్ముతారు. అక్క చెల్లెలి మోచెయ్యి పట్టుకుని నడుస్తుంది. బొమ్మ చేతికిస్తే అచ్చు గీత, అడుగు, బరువు, గుర్తు అన్నీ తనే చూసుకుంటుంది. చిన్న వస్తువు రంగు మాత్రం ఆమె చూపుకీ అందదు, వేళ్ళకీ అందదు. ఆ పని చెల్లెలిది.

మొన్నటి వారం ఒక చిన్న చేప దొరికింది.

"ఏం రంగు?"

"పచ్చ."

"ఏ పచ్చే? ఆకుపచ్చా, పసుపుపచ్చా?"

"రెండూ కాదు. మధ్యది."

"మధ్యదంటే నాకేం తెలుస్తుంది? సరిగ్గా చెప్పు."

చెల్లెలు చేపని ఎండకెత్తింది. అమ్మే ఆవిడ విసుక్కుంటోంది, వెనక ఎవరో జరగమంటున్నారు. ఆమె తొందరపడలేదు. ఇటూ అటూ తిప్పి, కళ్ళు చికిలించి చూసింది.

"ద్రాక్షపండు వొలిస్తే లోపల ఉంటుంది చూడు, అదక్కా. తోక దగ్గర మాత్రం కాస్త ముదురు. తొక్క ఇంకా పూర్తిగా తియ్యనట్టు."

అక్క తల కాస్త పక్కకి వంచి విన్నది. చేప కోసం చెయ్యి చాపుతూ, "ఆ, ఇప్పుడు కనిపించింది" అంది.